ఎనిమిది రాస్తే ఎనిమిదీ ఇచ్చేసినారు

ముందే చెప్తున్నాను, నవ్వినవాళ్ళకి రెండో కప్పు టీ లేదు. విమలా, నీకే చెప్పేది! ఇంకా మొదలెట్టలేదు, అప్పుడే నీ మూతి కదుల్తోంది.

పొద్దున్న చర్చిలో ఏటి జరిగిందో చూసినారు గదా. కరుణ టీచర్ కష్టం వల్ల మన బడికి కంప్యూటర్ వచ్చింది, పగలూ రాత్రీ దాని దగ్గరే ఉండి పాటుపడుతోంది అని పాస్టరు గారు నా పేరు చదివి అందరిచేతా చప్పట్లు కొట్టించినారు. నేను తల దించేసుకున్నాను. ఎంత అణకువో అని పాస్టరమ్మ గారు మురిసిపోయినారు. అణకువా, నా మొహమా! సిగ్గమ్మా, సిగ్గు! అసలు సంగతి మీకైనా చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేటట్టుంది. వినండి.

మన న్యూ సెటిల్‌మెంట్ తెలుగు బడి సంగతి మీకు కొత్త కాదు. మీరందరూ అక్కడ చదివినవాళ్ళే. మీ పిల్లల్ని మాత్రం పంపరు. దాని గురించి ఇంకోరోజు దెబ్బలాడుకుందాం, ఇవాళ టైము లేదు. ఐదో తరగతి దాకా పిల్లలు బాగానే ఉంటారు. ఆరో తరగతి వచ్చేసరికి ఒక్కొక్కరే ఇంగ్లీషు మీడియానికి జారుకుంటారు. హెడ్మాస్టరు అప్పారావు గారు ఒకరోజు నన్ను పిలిచి, "కరుణమ్మా, ఈసారి ఆరో తరగతిలో పదిహేనుమందైనా చేరకపోతే సెక్షన్ ఎత్తేస్తామంటున్నారమ్మా" అన్నారు. ఆరో తరగతి టీచర్ ఎవరు? నేనే.

నా ఉద్యోగం మాట అలా ఉంచండి. ఇంకో బడికి వేస్తారు, పోతాను. కానీ ఆరు పోతే ఏడు ఉంటుందా? ఎనిమిది ఉంటుందా? మన తాతలు శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి ట్రంకుపెట్టె ఒకటి పట్టుకుని ఈ బెంగాలీ ఊరికి, రైల్వే వర్క్‌షాపులో సుత్తి కొట్టడానికి వచ్చినవాళ్ళు. పగలంతా సుత్తి కొట్టి, ఆదివారాలు ఇటుకలు మోసి ఆ బడి కట్టినారు. మా తాత చెయ్యి కూడా ఉంది ఆ గోడలో. అది నా చేతుల్లో మూతపడుతుందా అని నాకు అన్నం సయించేది కాదు.

పిల్లల తండ్రుల్ని అడిగినాను, ఎందుకయ్యా తీసుకుపోతున్నారు అని. ఫిట్టర్ సింహాచలం తెలుసు గదా, వాళ్ళ లక్ష్మి లెక్కల్లో చురుకు. ఆయన దాపరికం లేకుండా చెప్పేసినాడు. "అక్కడ కంప్యూటర్ ఉన్నాది టీచరమ్మా. మీకాడ ఏటున్నాది?"

"మాకాడ నేనున్నాను గదా" అన్నాను.

ఆయన నవ్వి సైకిలెక్కి ఎళ్ళిపోయినాడు. నేనుంటే చాలదని అర్థమైపోయింది.

సర్కారు వాళ్ళ పథకం ఒకటి ఉన్నాది. బడులకీ లైబ్రరీలకీ కంప్యూటర్లూ, టీవీలూ, టేప్ రికార్డర్లూ ఇస్తారు. ఇస్తారు, కానీ దానికో ఫారం! నలభై పేజీలు, మూడు కాపీలు. ప్రహరీగోడ పొడవెంత, బావి లోతెంత, బడి పెట్టినప్పుడు మొదటి హెడ్మాస్టరు ఎవరు, ఆయన తండ్రి పేరేటి! కంప్యూటర్ ఇవ్వడానికి బావి లోతెందుకమ్మా? అందులో పడేస్తామనా?

ఇందా పేటలో చిన్న లైబ్రరీ నడుపుతున్న శిప్రా దీదీ నాకు స్నేహితురాలు. లైబ్రరీకి కూడా అదే ఫారం. 'ఆటస్థలం విస్తీర్ణం' అని ఉంటే ఆవిడ పాపం చాలాసేపు ఆలోచించి 'క్యారమ్ బోర్డు ఒకటి' అని రాసింది. రెండేళ్ళు ఇద్దరం కలిసి కూర్చుని, కార్బన్ పేపర్లు పెట్టి, వేళ్ళు నీలం చేసుకుని నింపినాం. రెండుసార్లూ తిరిగొచ్చినాయి. మొదటిసారి సంతకం నీలం సిరాతో ఉందని. రెండోసారి నల్ల సిరాతో ఉందని.

పోయినేడు మిద్నాపూర్ ఆఫీసులో మీటింగు పెట్టినారు. కొత్తగా వచ్చిన ఆఫీసరు బాగ్చీ బాబు, కుర్రాడు, "ఏమైనా ఇబ్బందులుంటే చెప్పండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయి ఉంది. లేచి నిలబడి, వచ్చీరాని బెంగాలీలో ఇంత హిందీ కలిపి, "సార్, మీ ఫారం నింపడానికే ముందొక కంప్యూటర్ కావాలి" అనేసినాను. హాలంతా నవ్వు. ఆయన మాత్రం నవ్వలేదు. రాసుకున్నాడు. రాసుకుని, "మరి ఎన్ని ప్రశ్నలుంటే చాలు, దీదీ?" అన్నాడు.

నేనూరుకుంటానా! "నాలుగు" అన్నాను. "మీరెవరు, మీ దగ్గర పిల్లలెంతమంది, మీకేం కావాలి, ఎన్ని కావాలి. ఇంతకన్నా మీకెందుకు?"

ఈ ఏడు మళ్ళీ మీటింగుకి పిలిచినారు. వెళ్తే ఏటి చూశాననుకున్నారు? ఒక్క కాగితం. అందులో నాలుగు ప్రశ్నలు. నావే! నేను వేలెత్తి చూపిస్తూ అరిచిన నాలుగూ, అదే వరసలో అచ్చేసినారు. బాగ్చీ బాబు లేచి నన్ను చూపించి, "ఈ టీచర్ దీదీ చెప్పినవే ఇవి" అన్నాడు. తర్వాత చెప్పిన మాటలు నాకింకా చెవిలో ఉన్నాయి. "జనం నిజం రాయరు, అందుకే అన్ని ప్రశ్నలు అడగాలి అంటారు మా పైవాళ్ళు. అడిగేవాడు నమ్మితే రాస్తారు అన్నాను నేను. పోట్లాడి ఒప్పించినాను. ఒక్క ఏడాది చూద్దాం అన్నారు. సరిగ్గా నడిస్తే ఇదే ఉంటుంది, లేదంటే పాత ఫారమే. కాబట్టి ఎంత కావాలో అంతే రాయండి. నేను ఒక్కటి కూడా కోయను."

నేను అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినాను. అది కూడా గుర్తుంది, ఖర్మ!

ఇంటికొచ్చి కాగితం బల్ల మీద పెట్టినాను. నాలుగు జవాబులూ రాసేసరికి పొయ్యి మీద పాలు కూడా పొంగలేదు. ఎన్ని కావాలి అన్నదగ్గర 2 అని వేసినాను. ఒకటి పిల్లలకి, ఒకటి పాడైతే ఉండడానికి. రెండు చాలు మనకి, నిజంగా చాలు.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చినారు. వర్క్‌షాపు స్టోర్సులో క్లర్కు గదా, కాగితం కనబడితే చాలు, కళ్ళజోడు పెట్టేస్తారు. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "మిగతా కాగితాలేవి?" అన్నారు.

"అంతేనండి."

"ఒక్క కాగితమా? రేషన్ కార్డుకి కూడా ఇంతకన్నా ఎక్కువ అడుగుతాడే! ఇందులో ఏదో మెలిక ఉన్నాది." మళ్ళీ చూసి, "రెండు రాసినావేటి?" అన్నారు.

"రెండే కావాలి గదండీ."

"ఓసి పిచ్చిమొహమా! ముప్పై ఏళ్ళ నుంచి ఇండెంట్లు రాస్తున్నోణ్ణి ఇంట్లో ఎట్టుకుని రెండు రాస్తావా? షాపుకి రెండు సామాన్లు గావాలంటే ఇండెంటు కాగితంలో మేం ఎనిమిది రాస్తాం. ఫోర్‌మన్ సగం కొట్టేస్తాడు. ఆఫీసరు ఇంకో సగం కొట్టేస్తాడు. రెండు దిగుతాయి, అందరూ సుఖంగా ఉంటారు. రెండే రాస్తే ఖాళీ బండి వస్తాది."

"కోయను అని చెప్పినాడండీ. అందరి ముందూ చెప్పినాడు."

"కోయనని సెప్పి కోసేవోడినే ఆఫీసరంటారు" అన్నారు మా ఆయన.

మీరలా చూడకండి. మీ ఇళ్ళల్లో జరిగేదీ ఇదే. వర్క్‌షాపులో నేర్చుకున్నది సబ్బుతో కడిగితే పోదు. విమలా, మీ ఆయనకి మూడు రోజుల సెలవు కావాలంటే ఎన్ని రోజులకి అప్లికేషన్ పెడతాడు? వారానికి! మా చిన్నాడు రెండు బజ్జీలు తినాలంటే ఐదడుగుతాడు. మా ఆయన ఆరింటికి ఇల్లు చేరాలంటే నేను ఐదింటికి రమ్మంటాను. అంతెందుకు, ప్రార్థనలో మాత్రం ఏటి చేస్తున్నాం? ప్రభువా నూరేళ్ళు ఆరోగ్యం ఇవ్వు అంటాం, డెబ్భై దాకా మోకాళ్ళు నొప్పి లేకుండా ఉంటే చాలని లోపల. దేవుడు కూడా కోస్తాడనే మన లెక్క.

అలా నేను 2ని 8 చేసేసినాను. పెద్ద కష్టం కూడా కాదు, పెన్నుతో రెండు వంపులు కలిపితే సరిపోయింది. హెడ్మాస్టరు గారి దగ్గరికి సంతకానికి తీసుకెళ్తే ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, "ఎనిమిదేనా? కోత పడ్డాక మిగుల్తాయా?" అన్నారు. ఆయన నాన్నగారు కూడా వర్క్‌షాపే గదా!

కాగితం ఇవ్వడానికి మిద్నాపూర్ లోకల్ రైల్లో శిప్రా దీదీతోనే వెళ్ళినాను. ఆవిడ కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చూసినాను, 1 అని రాసి ఉంది. పక్కనే ఇంకో సున్నా అయినా లేదు. "ఒక్కటే రాసినావేటి దీదీ?" అన్నాను. "ఒక్కటే కావాలి గదా కరుణా, ఇంకోటి పెట్టడానికి బల్ల లేదు" అంది. పాపం, ఎంత అమాయకురాలో అని జాలిపడి, నా కాగితం మడతపెట్టి సంచిలో ఇంకా లోపలికి తోసేసినాను.

తర్వాత ఒకరోజు పొద్దున్న బెల్లు కొట్టే వేళకి బడి ముందు లారీ ఆగింది.

పిల్లలంతా కిటికీలకి అతుక్కుపోయినారు. కూలీలు పెట్టెలు దించుతున్నారు. తెర ఒక పెట్టె, బుర్ర ఒక పెట్టె, మీటలు ఒక పెట్టె. ఒక సెట్టు దిగింది. రెండో సెట్టు దిగింది. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేసినాయి, సంతోషం! ప్రభువా వందనాలు అనుకున్నాను. మూడో సెట్టు దిగింది. సరే, పోనీ. నాలుగోది కూడా దిగింది. "ఓ దాదా, ఓ దాదా, మిగతావి వేరే బడివేమో చూడు" అని డ్రైవర్ దగ్గరికి పరిగెత్తినాను. ఆయన బీడీ తీసి, కాగితం చూసి, "సబ్ ఆప్‌కా హై, దీదీ. ఆఠ్ సెట్" అన్నాడు. ఎనిమిదీ మావే!

హెడ్మాస్టరు గారు బయటికొచ్చినారు. "కోయలేదా?" అన్నారు.

"కోయలేదు సార్."

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా కోయలేదు సార్."

ఆయన అక్కడే ఒక పెట్టె మీద కూలబడిపోయినారు.

మన బడిలో ప్లగ్గులు ఎన్ని? రెండు. అందులో ఒకటి హెడ్మాస్టరు గారి ఫ్యానుది. పెట్టెలన్నీ ఎక్కడ పెట్టాలి? అన్నిటికన్నా తక్కువమంది ఉన్న గది ఏది? ఆరో తరగతి! అలా ఆరో తరగతిని నిలబెట్టడానికి తెచ్చిన కంప్యూటర్లు మొదటిరోజే ఆరో తరగతిని గదిలోంచి వరండాలోకి గెంటేసినాయి. నాకు చాక్‌పీసు కావాలంటే చీర దోపుకుని పెట్టెలెక్కి అవతలికి దిగాల్సి వచ్చింది. ఆ దిగడం చూసి పిల్లలు ఆ పూట పాఠం వినలేదు.

ఊరంతా పొగడ్తలే. మా ఆయన స్టోర్సులో తనతో పనిచేసే నలుగుర్ని వెంటబెట్టుకుని వచ్చి, "నా ఇండెంటు" అని చూపించినారు. ఆ తర్వాత ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద కలపకుండా ఆలోచిస్తున్నారు. ఏటయ్యిందండీ అంటే, "ఒక్కటీ కోయలేదా? రాసింది రాసినట్టు ఇచ్చేసినారా? అదేం ఆఫీసే? ఎలా నడుస్తాదే అది?" అన్నారు. సర్వీసు మొత్తంలో రాసినంతా రావడం ఆయన ఎప్పుడూ చూడలేదు. నిజంగా భయపడ్డారు మనిషి.

ఆ మర్నాడు శిప్రా దీదీ వచ్చింది. చేతిలో సందేశ్ మిఠాయి పొట్లం. "ఖూబ్ భాలో, కరుణా, ఖూబ్ భాలో!" అని మెచ్చుకుంటూ నన్ను వాటేసుకుంది. పెట్టెలన్నీ ఒక్కొక్కటీ ముట్టుకుని చూసింది. నేను, "మీది ఎప్పుడొస్తోంది దీదీ?" అని అడిగినాను. అడక్కుండా ఉండాల్సింది.

"మాకు ఈ ఏడాది లేదు. స్టాకు అయిపోయిందని కాగితం పంపినారు" అంది. నా మొహం చూసి నన్నే ఓదార్చింది. "ఫర్వాలేదులే. మీకు పిల్లలెక్కువ గదా, ఎనిమిది కావలసే ఉంటుంది. మా దగ్గర ఏముంది, సాయంత్రం పూట వచ్చే నలుగురు పిల్లలు. వాళ్ళకి వచ్చే ఏడాది ఇస్తారు."

సందేశ్ నోట్లో పెట్టుకున్నాను. ఆవిడ ముందు నవ్వుతూ నిలబడ్డాను గానీ లోపల చచ్చిపోయినాను. ఒకటి కావలసి ఒకటి రాసిన మనిషికి ఏమీ లేదు. రెండు కావలసి ఎనిమిది రాసిన నేను పెట్టెలెక్కి దూకుతున్నాను. పైగా ఆవిడ నాకు స్వీటు తెచ్చింది.

ఇంక ఆగలేదు నేను. మర్నాడే సెలవు పెట్టి మిద్నాపూర్ వెళ్ళినాను. బాగ్చీ బాబు నన్ను చూసి లేచి నిలబడి, "రండి దీదీ, అందినాయా?" అన్నాడు.

"అందినాయి సార్. ఆరు వెనక్కి తీసుకోండి" అన్నాను.

ఆయన బీరువా తీసి మన రైల్వే ఊరి బడులవీ లైబ్రరీలవీ కాగితాలు బల్ల మీద పరిచినాడు. ఒకరు పది రాసినారు. ఒకరు పన్నెండు. ఒక లైబ్రరీ వాళ్ళకి పుస్తకాల బీరువాలు రెండే ఉన్నాయట, టేప్ రికార్డర్లు ఇరవై రాసినారు. "స్టాకు తక్కువ. వరసలో ముందున్నవాళ్ళకి ఇచ్చుకుంటూ పోయినాను. అందరికన్నా ముందు శాంక్షన్ చేసింది మీదే" అన్నాడు. "ఈ ప్రశ్నలు మీవి. వీటికి మీరు అబద్ధం రాయరనుకున్నాను."

తిట్టలేదు, అరవలేదు. ఆ ఒక్క మాట అని కాగితాలు సర్దుకోవడం మొదలెట్టినాడు. ఈ ఆఫీసుల్లో నన్ను ఎంతమంది విసుక్కున్నారో లెక్కలేదు, ఏనాడూ నాకింత ఏడుపు రాలేదు. మన మాట నమ్మి కాగితం చేతికిచ్చిన మనిషి అంతకు ముందు ఎవరున్నారు చెప్పండి? ఎవరూ లేరు. అనుమానించేవాళ్ళ దగ్గర ఎలా నెగ్గుకు రావాలో మనకి బాగా తెలుసు. నమ్మినవాడి దగ్గర ఎలా ఉండాలో తెలీలేదు నాకు, అంతే.

"తీసుకోండి సార్, ఆరు తీసుకుని లేనివాళ్ళకి ఇవ్వండి" అని మళ్ళీ అన్నాను.

ఆయన తల గోక్కున్నాడు. "తీసుకుంటాను. కానీ వాపసుకి ఫారం ఉంది, దీదీ." బల్ల కింద నుంచి తీసినాడు. నలభై పేజీలు! మూడు కాపీలు! అదే బావి, అదే ప్రహరీగోడ! "అడిగే ఫారమే సులువు చేసినాం. తిరిగిచ్చేవాళ్ళు ఉంటారని ఎవరూ అనుకోలేదు" అన్నాడు. అప్పుడు మాత్రం నవ్వినాడు. నేను కూడా కళ్ళు తుడుచుకుని నవ్వేసినాను.

ఆ కట్ట చంకనబెట్టుకుని తిన్నగా ఇందా వెళ్ళి శిప్రా దీదీకి ఉన్నదున్నట్టు చెప్పేసినాను. రెండుని ఎనిమిది చేసింది, రైల్లో కాగితం దాచుకుంది, అంతా. ఆవిడ నాలుగు తిట్టుంటే నాకు హాయిగా ఉండేది. తిట్టలేదు. సొరుగు లాగి, "పోయినేడువి కార్బన్ పేపర్లు మిగిలినాయి, కూర్చో" అంది.

ముప్పై తొమ్మిది పేజీలు నడిచినాయి. ఆఖరి పేజీలో 'వాపసు చేయుటకు కారణం' అని ఉంది. దాని దగ్గర ఆగిపోయినాను. మా ఆయన్ని అడిగితే, "సామాను దెబ్బతిన్నదని రాయి, ఎవడూ మారు మాట్లాడడు" అన్నారు. హెడ్మాస్టరు గారు, "గది చాలదని రాద్దామమ్మా, అది అబద్ధం కూడా కాదు" అన్నారు. రెండూ బాగానే ఉన్నాయి. కానీ నలభై పేజీల బావిలో మళ్ళీ ఒక అబద్ధం పడెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. 'మీరు కోస్తారనుకుని ఎక్కువ రాసినాం. మీరు కోయలేదు. తప్పు మాది' అని రాసి సంతకం పెట్టినాను. ఏ సిరాతో పెట్టినానో కూడా చూసుకోలేదు.

బాగ్చీ బాబు ఆ పేజీ ఒక్కటీ తీసి పైవాళ్ళకి చూపించినాడట. మన ఊళ్ళో కూడా ఈ మాట ఎలా పాకిందో పాకింది. పది రాసినవాళ్ళు, పన్నెండు రాసినవాళ్ళు ఒకళ్ళ వెనక ఒకళ్ళు గొణుక్కుంటూ వాపసు ఫారాలకి వెళ్ళినారు. ప్రేమ్ బజార్ స్టేషనరీ షాపుల్లో కార్బన్ పేపర్లు అయిపోయినాయంటే నమ్మండి! శిప్రా దీదీకి ఒకటి వస్తోంది, బల్ల తుడిచి పెట్టుకుంది. ఒక్క కాగితం ఫారం ఇంకో ఏడాది ఉంటుందట. వాపసు ఫారం కూడా తగ్గిస్తారట గానీ, అది నాకింక అక్కర్లేదు.

ఇక్కడితో కథ అయిపోతే నేను చర్చిలో తలెత్తుకునే కూర్చుందును. అవ్వలేదు!

మిగిలిన రెండింటినీ నడపడానికి టీచర్‌కి ట్రైనింగు ఇస్తారు. దానికి వేరే ఆఫీసు, వేరే కాగితం. ఎంతమందికి, ఎన్ని రోజులు కావాలి అని అడిగినారు. బుద్ధొచ్చింది గదా నాకు! నేర్పే కుర్రాణ్ణే అడిగినాను, మొత్తం పాఠాలకి ఎన్ని రోజులు పడుతుందని. పది అన్నాడు. మా ఆయన పక్కన నిలబడి, "ఇరవై రాయి, ఇరవై రాయి" అంటూనే ఉన్నారు. నోరు మూసుకోండి అని, ఒక్క టీచరు, పది రోజులు అని నిజం రాసి పంపినాను.

ఆ ఆఫీసు బాగ్చీ బాబుది కాదు. కోసేసినారు. ఐదు!

ఐదు రోజుల్లో ఆన్ చెయ్యడం వచ్చింది, పేరు కొట్టడం వచ్చింది, లెక్క చేయించడం వచ్చింది, తెర మీద ఇల్లు గియ్యడం కూడా వచ్చింది. ఐదో రోజు సాయంత్రం ఆ కుర్రాడు సంచి సర్దుకుంటూ, "ఆపేటప్పుడు జాగ్రత్త మేడమ్. ఒక పద్ధతి ఉంటుంది. ఊరికే స్విచ్చి కట్టేసినా, ప్లగ్గు పీకినా లోపల డిస్కు పాడైపోతుంది" అన్నాడు.

"ఆ పద్ధతేటి బాబూ?" అన్నాను.

"అది ఆరో రోజు పాఠం మేడమ్" అని కలకత్తా బండెక్కి ఎళ్ళిపోయినాడు.

గురువారం నుంచి అడ్మిషన్లు. పిల్లల తల్లిదండ్రులు వస్తారు, చూపించకపోతే ఎలా? ధైర్యం చేసి పొద్దున్నే ఒకటి ఆన్ చేసినాను. రెండోదాని మీద గుడ్డ తియ్యడానికి ధైర్యం చాల్లేదు. కొందరొచ్చినారు, చూసినారు, చూద్దాంలే టీచరమ్మా అని ఎళ్ళిపోయినారు. సాయంత్రం అందరూ ఇళ్ళకి పోయినారు. నేనూ, అదీ మిగిలినాం. కరెంటు పోతే నా తప్పు కాదు గదా, పోయేదాకా ఆగుదాం అనుకుని దాని ముందే కూర్చున్నాను. మీకు తెలుసు గదా, ఇందా అంతా లోడ్ షెడ్డింగు, కొవ్వొత్తులు. మన రైల్వే వాళ్ళ కరెంటు లైను మాత్రం దీపావళి! ఒక్క క్షణం పోతే ఒట్టు.

చీకటి పడుతుంటే సింహాచలం డ్యూటీ దిగి సైకిల్ మీద ఎళ్తూ కిటికీలో వెలుగు చూసి ఆగినాడు. "ఇంకా ఇంటికి ఎల్లలేదేటి టీచరమ్మా?"

ఏటని చెప్పను? "పనుందయ్యా" అన్నాను.

శుక్రవారం సాయంత్రం మళ్ళీ ఆగినాడు. నేనక్కడే ఉన్నాను. ఎక్కడికి పోతాను? ఆయన కిటికీ ఊచలు పట్టుకుని కాసేపు చూసి, సైకిలెక్కి ఎళ్ళిపోయినాడు. నిన్న శనివారం పొద్దున్న లక్ష్మిని తీసుకుని వచ్చినాడు. వెనకాల వర్క్‌షాపువాళ్ళు, వాళ్ళ పిల్లలు, వరండా నిండిపోయింది. "ఆ ఇంగ్లీషు బళ్ళో దాన్ని తాళమేసి, గుడ్డ కప్పి ఉంచుతారు. ఈ అమ్మ సూడండి, ఇల్లూ వాకిలీ వదిలేసి పిల్లల కోసం దాని ముందే కూకున్నాది" అని వాళ్ళందరికీ నన్ను చూపించినాడు. అక్కడికక్కడే పిల్లల్ని చేర్చేసినారు. హెడ్మాస్టరు గారు లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పదిహేడుమంది! ఆరో తరగతి నిలబడిందమ్మా. మన బడి నిలబడింది.

ఇప్పుడు చెప్పండి, పొద్దున్న ఆ చప్పట్లకి నేను తల ఎలా ఎత్తాలి? నేర్పే కుర్రాడికి ఉత్తరం రాసినాను, జవాబు ఎప్పుడొస్తుందో. గురువారం పొద్దున్న ఆన్ చేసింది ఇవాళ ఆదివారం కూడా ఆన్‌లోనే ఉన్నాది. ఎవరూ వచ్చి స్విచ్చి కట్టెయ్యకుండా మా ఆయన టిఫిన్ క్యారేజీ పెట్టుకుని దాని పక్కన కూర్చున్నారు. ఇంక లేవాలి నేను, రెండింటికి నా షిఫ్టు.